మూడో పాట చివర అరుపు

వాళ్ల బ్యాండు పాత పంక్ రాక్ రికార్డు మళ్లీ అచ్చయింది, అయిదొందల కాపీలే. రికార్డుల కొట్లో పాటగాడు సంతకాలు పెడుతున్నాడు. అప్పట్లో డ్రమ్ములు వాయించిన అతని బావమరిది వరస తోసుకుంటూ వచ్చి బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు.

“మూడో పాట చివర మా అక్క అరుపేది, బావా?”

“బావా గీవా అనకు. మీ అక్క నన్నొదిలేసి పదేళ్లయింది.”

“అరుపేదని అడిగాను.”

“తీయించేశాను. రికార్డింగు మధ్యలో తలుపు తోసుకొచ్చి ‘పాప లేచింది, ఆపండ్రా!’ అంటే అది పాటా? రొద.”

“ముప్పై ఏళ్లు జనం ఈలలేసింది ఆ రొదకే.”

“నా గొంతుకి వేశారు.”

“నీ గొంతుకే కదయ్యా పాప లేచింది!”

“నోర్ముయ్. ఒకటో నంబరు కాపీ నీకే ఉంచాను. పట్టుకుని పో.”

“నువ్వే ఉంచుకో. మా అక్క లేని రికార్డు నా ఇంటి గడప తొక్కదు.”

అంతలో కొట్టు స్పీకర్లలో మూడో పాట అయిపోయింది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. పాటగాడు తృప్తిగా తలూపి, మళ్లీ కలం అందుకున్నాడు.

వరసలో నిలబడ్డవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు.

“పాప లేచింది, ఆపండ్రా!”