అమీబా పట్టు విడిపించిన పంచదార మేడం

1991 జులై ఒకటో తేదీన మా పరాన్నజీవుల పరిశోధన విభాగంలో సహాయ పరిశోధకురాలిగా అడుగుపెట్టిన నాటి నుంచే ఆమె అమీబాతో పంతం పట్టారు. పెద్దపేగులో పుండ్లు పుట్టించే ఆ ఏకకణ జీవి ముందుగా మన కణం మీది గెలాక్టోజ్ అనే చక్కెరను పట్టుకుని అతుక్కుంటుందనీ, ఆపై బతికున్న కణాన్నే ముక్కముక్కగా కొరికి చంపుతుందనీ ఎవరడిగినా ఓపిగ్గా వివరించేవారు. అదే చక్కెరను ముందే చుట్టూ కలిపితే, దాని పట్టంతా అక్కడే చిక్కుకుని కణం జోలికి రాలేదని చూపడమే ఆమె ధ్యేయం. అందుకే "పంచదార మేడం" అన్న పేరు స్థిరపడింది. అది విని ఆమె మురిసిపోయేవారు కూడా.

ఆమె విభాగాధిపతి అయిన ఏడాదే విభాగాన్ని మూసేయాలన్న ఆలోచన పైవారికి కలిగింది. పరిశీలక సంఘానికి ప్రయోగం కళ్లారా చూపితే సరి, లేకుంటే మేమంతా తలోదిక్కు.

తీరా సంఘం వచ్చిన రోజు ఆమె సూక్ష్మదర్శినిలో చూస్తే, చక్కెర కలిపిన పళ్లెంలోనే అమీబాలు కణాలను పట్టుకుని సుష్టుగా భోంచేస్తున్నాయి! అదే సమయంలో పక్కగదిలో సంఘం పెద్దాయన టీ కప్పు దించి, "ఏంటమ్మా, పంచదార తక్కువైందా? చప్పగా ఉంది" అని ఆమెను పిలిచి అడిగారు.

"రెండు చెంచాలు వేశారే సార్..." అంటూ ఆమె ఆగిపోయారు. ముందురోజు రెండు ఒకేలాంటి సీసాలు నింపి, చీటీలు అంటించకుండానే హడావుడిగా ఇంటికెళ్లింది తనేనని గుర్తొచ్చింది. పంచదార పళ్లెంలోకి, అంత తీపిలేని గెలాక్టోజ్ టీలోకి చేరాయి. నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నారు.

"పొరపాటు నాదే సార్. భయపడకండి, మీరు తాగింది పాలచక్కెరలో ఉండేదే. నాకో గంట టైమివ్వండి."

"సరే, ఈలోగా మంచి టీ ఇప్పించండి మరి!"

గెలాక్టోజ్ సీసా అడుగున మిగిలిన పొడితో కొత్త పళ్లెం సిద్ధమైంది. గంట తర్వాత పెద్దాయన సూక్ష్మదర్శిని మీదికి వంగి, "పక్కనుంచే పోతున్నాయి, ఒక్కటీ అతుక్కోవట్లేదు!" అని చిన్నపిల్లాడిలా కేకేశారు. ఏ చక్కెర పడితే అది పనికిరాదనడానికి పొరపాటు పళ్లెమే సాక్ష్యమైంది. విభాగం నిలిచింది, మా ఉద్యోగాలూ నిలిచాయి.

ఈరోజు మేడంగారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు మూతపడవలసిన ప్రయోగశాల తలుపును రేపు ఉదయం ఆమె శిష్యురాలు తెరుస్తుంది. ఆ వేళకు మేడంగారు ఇంట్లో హాయిగా నిద్రపోతూ ఉండాలనీ, భర్తగారితో, కూతురితో, మనవలతో ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ నవ్వుతూ ఉండాలనీ మేమందరం మనసారా కోరుకుంటున్నాం.