ఒకే పొద్దున రెండు పరీక్షలు

పాకాల జంక్షన్‌లో చిత్తూరు పోయే బండీ, తిరుపతి పోయే బండీ పక్కపక్కన ఆగి ఉన్నాయి. రైలు పట్టాల పని చేసే శాంతయ్య కూతురి సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు. స్టెల్లా ఏ బండీ ఎక్కడం లేదు.

“చిత్తూరు బండి వచ్చి అయిదు నిమిషాలాయ. ఎక్కవేం పాపా?”

“ఎక్కుతా నాయనా. క్రాసింగు కదా, ఇంకా టైముండాది.”

“మళ్ళా ఆ పక్క బండి ఎందుకు సూస్తావు?”

“చూడలేదే.”

“సూసినావు. మూడుసార్లు.”

“నాయనా, ఒక మాట చెప్తా. అరవకూడదు.”

“ఇంతమందిలో అరుస్తానా? సెప్పు.”

“నేను చదివేది చిత్తూరులో బీఈడీ ఒక్కటే కాదు. ఇంట్లోనే ఉండి చదివే ఎమ్మే కూడా కట్టినా. దానికి తిరుపతి సెంటరు. రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చని రూలొచ్చింది కదా.”

“రూలొచ్చిందా.”

“వచ్చింది. దొంగతనమేం కాదు. ఈ పొద్దు ఆడా పరీక్షే. అదీ పది గంటలకే.”

“రెండు సోట్ల ఒకే గంటకా? తేదీలు సూసుకోలేదా?”

“చూసినా. ఆ ఎమ్మే వాళ్ళు చెప్పిన తేదీకి ఎప్పుడు పెట్టినారు? పోయినేడు మూడుసార్లు వాయిదా. ఈసారీ వేస్తారులే అనుకున్నా. నిన్నటి దాకా ఫోన్ చూస్తానే ఉండా.”

“వెయ్యలేదు.”

“వెయ్యలేదు. నా రాత, ఈ ఏడు చెప్పిన రోజుకే పెట్టినారు.”

“ఏం సదువది?”

“ఏదోలే.”

“ఏదోలే అనేదానికా ఇంత దిగులు?”

“శాసనాలు, నాయనా. పాత గుళ్ళల్లో, కోటల్లో రాళ్ళ మీద చెక్కినారే, ఆ రాతలు చదివేది. దాంతో ఉద్యోగం రాదు. వదిలేస్తా.”

“ఇంకోసారి రాసుకోకూడదా?”

“ఇదే ఆఖరు. ఈ పేపరు పోతే పేరు తీసేస్తారు. మళ్ళా మొదటినించీ చదవాల.”

“చిత్తూరిది పోతే?”

“ఆరు నెలలకు రాయొచ్చు. అంతలో డీఎస్సీ అయిపోతాది. మళ్ళా ఎప్పుడు పెడతారో. నువ్వు టీచరమ్మ నాయన అనిపించుకునేది ఎప్పుడు? కనపడినోళ్ళందరికీ అదే కదా చెప్తా ఉండావు.”

“సెప్తా ఉండా.”

“అందుకే చిత్తూరే పోతా. సిగ్నలు పడింది. సంచి ఇయ్యి.”

“ఉండు.”

“ఏం ఉండు? ఇయ్యి నాయనా.”

“ఆ రాళ్ళ పుస్తకం పట్టుకుంటే నీ ముందర అన్నం సల్లారిపోతాది. బీఈడీ పుస్తకం పట్టుకుంటే గడియారం సూస్తావు.”

“నీకు తెలుసా?”

“రాత్రి రెండు హాల్ టికెట్లూ పక్కపక్కన పరిచి, వాటి మీదనే నిద్రపోతివి. నాకు కండ్లు లేవా?”

“తెలిసి, ఇంతసేపూ నాతో... సరే. ఇంటికొచ్చినాక తిట్టు. సంచి ఇయ్యి. చిత్తూరు బండి కదుల్తా ఉండాది నాయనా, హాల్ టికెట్ అందులో ఉండాది.”

“ఇందులో ఉండేది తిరుపతిది ఒక్కటే పాపా. చిత్తూరిది పొద్దున్నే తీసి ఇంట్లో పెట్టొచ్చినా.”