ఎందుకు సార్, నేనున్నానుగా!

హలో… ఆ, నేనే అక్కా.

ముందు ఆ కుట్టుమిషను ఆపు. నాకిక్కడ గట్టిగా మాట్లాడే వీల్లేదు…

ఆపావా?… ఆపలేదు, టకటకా వినపడుతోంది… ఆ. ఇప్పుడు ఆగింది.

హాస్పిటల్లోనే ఉన్నా… కాదు, కౌంటర్లో కాదు. దుప్పట్ల గదిలో… ఉతికిన దుప్పట్లు, పక్కగుడ్డలు పెడతారే, ఆ గది. లోపల గడియ పెట్టుకున్నా… అయ్యో, ఎవరికీ ఏమీ కాలేదు… ఇంకా కాలేదు.

పిల్లలు బాగానే ఉన్నారు. మీ మరిదీ బాగానే ఉన్నారు. నేనే బాగాలేను… ఒంట్లో కాదు. నా బుద్ధి బాగాలేదు.

చెప్తా, నవ్వకూడదు… సరే, నవ్వితే నవ్వు. నవ్వుతావని తెలిసే నీకు చేశా. ఆయనకి చేస్తే ‘పర్లేదులే’ అంటారు. నాకిప్పుడు ఆ పర్లేదులే వద్దక్కా.

నా జపనీస్ గురించి…

ఆ, అవే. నీ భాషలో పిచ్చిగీతలు.

పొద్దున ఒక పెద్దావిడ వచ్చింది. జపాన్ ఆవిడ. టూర్ వాళ్లతో వచ్చి హోటల్ మెట్ల మీద జారింది. తుంటి ఎముక విరిగింది… పాపమే మరి. మా అత్తయ్య వయసుంటుంది, మనిషి పిట్టంత. గైడు ఆవిణ్ణి ఇక్కడ చేర్పించి, మిగతావాళ్లని విమానం ఎక్కించడానికి పోయాడు. సాయంత్రానికి వస్తాట్ట. ఫోనెత్తడు.

తుంటి కదా, ఆలస్యం మంచిది కాదని ఈరోజే ఆపరేషన్ అన్నారు. దానికి ముందు మత్తు డాక్టరు వివరాలు అడగాలి… మత్తిచ్చే డాక్టరే అక్కా. ఏమైనా మందులు వాడుతోందా, ఏ మందైనా పడదా, పొద్దున ఏం తింది, అలాంటివి… భాష రాదు కదా, అందుకని…

అందుకని నన్ను పిలిచారు.

ఎవరు చెప్పారేంటి? ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ నా పేరే ‘జపాన్ మేడమ్’. కౌంటర్ దగ్గర జనం లేనప్పుడు జపాన్ అక్షరాల కార్డులు తిప్పుకుంటూ ఉంటాగా. ఆయా దగ్గర్నించి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఎరుకే. వాళ్ల పేషెంట్ల ముందు కూడా చెప్తారు, మా కౌంటర్ ఆవిడకి రెండువేల పైచిలుకు అక్షరాలు వచ్చు అని. నేనేమో ‘అబ్బే, ఏదో కొంచెం’ అంటా. ఆ అనడంలో ఎంత పొగరుందో నాకు తెలుసు.

రెండువేలు నిజమే… అబద్ధం కాదక్కా, నిజంగా వచ్చు. అక్కడే ఉంది తిరకాసు.

ఎలా నేర్చుకున్నానో నీకు తెలీదు. వాళ్ల అక్షరమంటే మన అఆలు కాదు, ఒక్కోటి ఒక్కో అర్థమున్న బొమ్మ. ఒక్కో అక్షరానికి ఒక్కో కథ కట్టుకున్నా. మందు అనే అక్షరం ఉందనుకో, పైన గడ్డి, కింద సుఖం. గడ్డి నమిలితే సుఖం, అదే మందు. అయిపోయింది, జన్మలో మర్చిపోను. ఇంటికప్పు కింద ఆడమనిషిని గీస్తే ప్రశాంతం… ఆ, నేనూ అదే అనుకున్నా, అది రాసినవాడు మా ఇంటికి రాలేదని. ఇంకా విను, అదే అక్షరానికి చవక అని కూడా అర్థం… నవ్వావు. నవ్వుతావని తెలుసులే.

గ్యాస్ పొయ్యి వెనక కార్డులు, అద్దం చుట్టూ కార్డులు. గడ్డం గీసుకోడానికి మీ మరిదికి మొహం కనపడేది కాదు. అన్నీ అర్థాలే అక్కా. చూడగానే తెలుస్తుంది, ఇది నది, ఇది అప్పు, ఇది దిగులు అని. కానీ దాన్ని నోటితో ఏమంటారో…

… తెలీదు.

ఒక్కటి కూడానా అంటే, ఏవో నాలుగు వచ్చు… నమస్కారం, థాంక్స్. ఒక్కో అక్షరానికి రెండు మూడు రకాల పలుకులుంటాయి. అవి తర్వాత చూద్దాంలే అని వదిలేశా. ఏళ్లకేళ్లు ‘తర్వాత చూద్దాం’లోనే గడిచిపోయింది.

వినలేదా అంటే, విన్నా. మొదట్లో రేడియో పెట్టుకుని వింటే ముక్క అర్థం కాలేదు. కార్డులు పట్టుకుంటే పండితురాల్ని, రేడియో పెడితే మొద్దుని. ఎవరికి నచ్చుతుంది? కట్టేశా. మళ్లీ పెట్టలేదు.

నిజం చెప్పనా? ఈ ఊళ్లో నన్ను తప్పు పట్టే మనిషి లేడక్కా. నేను ఏది అంటే అదే జపనీస్. చిన్నప్పట్నించి లెక్కల్లో నువ్వు తప్పు పట్టేదానివి, వంటలో అత్తయ్య పడుతుంది, పనిలో మేనేజరు. ఇందులో ఎవరూ లేరు. నాకు నచ్చింది ఆ భాష కాదేమో, అదేనేమో.

… అనకు. నేనే అనుకున్నాగా. నువ్వు కూడా అనక్కర్లేదు.

సరే, గదిలోకి వెళ్లాను. ఆవిడ మంచం మీద దిక్కులు చూస్తోంది. డాక్టరుగారు ఫోన్లో ఏదో యాప్ తీశారు, మనం మాట్లాడితే అది వాళ్ల భాషలోకి మారుస్తుంది, తెలుసుగా… నేనేమన్నానో తెలుసా?

‘ఎందుకు సార్, నేనున్నానుగా!’

… ఆ. నేనే. ఈ నోటితోనే.

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు. నర్సులు కూడా చుట్టూ చేరారు, చూద్దామని. నేను ఆవిడకి వంగి నమస్కారం చెప్పా. అంతవరకు వచ్చుగా. అక్కా… ఆవిడ మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. గడగడా, ఆపకుండా. కళ్లల్లో నీళ్లు. ఒకసారి గుండె మీద చెయ్యేసుకుంది, ఒకసారి చేతిసంచీ వైపు చూపించింది. నాకు ఒక్క ముక్క… అదే చెప్తున్నా, ఒక్క ముక్క అర్థం కాలేదు.

తల ఊపా.

‘హై, హై’ అంటూ, అంటే అవునవునంటూ, ఊపా. ఊపినకొద్దీ ఆవిడ ఇంకా చెప్పింది. పొద్దుట్నించి ఒక్కరికీ తన మాట తెలీదు, చివరికి నాకు తెలిసిందని ఎంత ధైర్యం వచ్చిందో మొహంలో. ఇటు డాక్టరుగారు, ‘ఏమంటున్నారు మేడమ్, మందులేమైనా?’ అన్నారు. అటు నర్సులందరూ నా నోరే చూస్తున్నారు. నేను…

… ఉండు, చెప్తా.

‘ఏమీ లేవుట సార్’ అన్నా.

… హలో?… అక్కా, ఉన్నావా?

తిట్టు. తిట్టవేం?

… లేదు, మళ్లీ చెప్పలేదు. ఆయన ‘థాంక్యూ మేడమ్’ అని బయటికి వెళ్లిపోయారు. ఆవిడ నా చెయ్యి నొక్కి ఏదో అంది, థాంక్స్ అనుకుంటా. నేనొచ్చి ఈ గదిలో దూరా.

ఎంతసేపయిందంటే… కాసేపయింది. ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేస్తున్నారు. ఇంకా తీసుకెళ్లలేదు, తీసుకెళ్తే ఈ గది ముందు నుంచే వెళ్లాలి. చప్పుడు వినపడుతుంది.

తెలుసక్కా. గుండె మీద చెయ్యేసుకుంది, సంచీ చూపించింది. నాకూ అదే భయం… నాకు తెలీదా? రోజూ ఇక్కడే చస్తున్నా, ఏం వాడుతున్నారో చెప్పకపోతే మత్తులో ప్రాణం పోతుందని నాకు తెలీదా?

వెళ్లి చెప్పడం అంత తేలికైతే నీకెందుకు చేస్తా!… ఏమని చెప్పను? ‘సార్, నాకు రాదు’ అనా? అందరి ముందూ? రేపట్నించి ఆ కౌంటర్లో ఏ మొహం పెట్టుకుని కూచోను? ఆయాలు కూడా నవ్వుతారు. పిల్లల స్కూల్లో చెప్పుకున్నా, మా అత్తయ్య పెళ్లిళ్లలో చెప్పుకుంది, కోడలికి జపాన్ భాష వచ్చని. ఆవిడ నా గురించి మంచిగా చెప్పుకునేది అదొక్కటేనే తల్లీ!

… ఏంటి?

… రాయడమా?

రాయడం వచ్చు… చూసి చదవడమూ వచ్చు. ఆవిడ రాస్తే చాలావరకు అర్థం చేసుకోగలను… అవును. మందు అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెడితే చాలు…

నాకు తట్టలేదని కాదు. తట్టింది. తల ఊపుతున్నప్పుడే తట్టింది. కాగితం అడిగితే తెలిసిపోతుందిగా, నాకు మాట్లాడ్డం రాదని. అందుకే అడగలేదు.

… అను. ఇంకా అను. ఛీ అనడానికి నీకు హక్కుంది…

మన అమ్మ అయితే, ఆ మంచం మీద మన అమ్మ అయితే… ఆపు అక్కా. ఆ ఒక్కటీ అనకు.

… ఉష్. ఆగు.

చక్రాల చప్పుడు.

అక్కా, తీసుకొస్తున్నారు… గడియ రావట్లేదు, బిగుసుకుంది. ఫోన్ పెట్టేయకు. పెట్టేయకు, నాతో ఉండు… వచ్చింది.

సిస్టర్! సిస్టర్, ఆగండి! స్ట్రెచర్ ఆపండి!

… కాదు, గైడు రాలేదు. డాక్టరుగారేరి?… సార్! సార్, ఒక్క నిమిషం.

సార్, ఆవిడకి మందులేమీ లేవని చెప్పాను కదా… అది ఆవిడ చెప్పలేదు సార్. నేనే చెప్పా.

… ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలీదు. నాకు అర్థం కాలేదు.

… నాకు జపనీస్ రాదు సార్.

… వచ్చు అనుకున్నా… అంటే చదవడం వచ్చు. మాట రాదు. వింటే ఒక్క ముక్క తెలీదు. అందరూ చూస్తున్నారని అలా… తప్పయిపోయింది సార్. తర్వాత తిట్టండి, ముందు ఒక కాగితం ఇప్పించండి. పెన్సిలు ఉందా సిస్టర్?… ఏదైనా పర్లేదు, ఆ మందుల చీటీ వెనక రాస్తా.

… ఇదిగో. రాశా. అమ్మా, ఇటు చూడండి. ఇది. మందు. ఉందా?

…

అక్కా… వింటున్నావా? ఆవిడ కాగితం చూడట్లేదు. నన్ను చూస్తోంది. కాగితం వైపు ఒకసారి చూసి మళ్లీ నన్నే చూస్తోంది… తెలిసిపోయింది అక్కా. ఇందాక తను గోడకి చెప్పుకున్నానని ఆవిడకి తెలిసిపోయింది.

చెయ్యి చాపింది. పెన్సిల్ ఇమ్మంటోంది.

… రాస్తోంది సార్, రాస్తోంది. గిన్నె మీద చిన్న గీత… రక్తం. రక్తం సార్! పక్కన మళ్లీ మందు. రక్తానికి మందు… గుండె అని కూడా రాసింది. ప్రతిరోజూ… ఇది… ఆగండి, ఇప్పుడు, ఉదయం… ఈరోజు పొద్దున కూడా వేసుకుందట! సంచీలో, ఆ చేతిసంచీలో చూడండి సిస్టర్, మాత్రలుంటాయి!

… ఉన్నాయా?

… ఉన్నాయి.

…

హలో… ఉన్నా అక్కా. ఆగిపోయింది. ఈరోజుకి ఆపరేషన్ లేదు. రక్తం పల్చబడే మాత్రలట అవి. మత్తుకని నడుములో సూది వేసుంటే లోపల రక్తం కట్టి కాళ్లు పడిపోయేవట, ఇంకేమైనా కూడా అయ్యేదట. డాక్టరుగారు గోడకానుకుని నిలబడిపోయారు. నన్ను తిడితే బాగుండేది.

కాపాడానా? ఆ మాట అనకు. నూతిలోకి తోసిందాన్ని నేనే, తోసి చెయ్యిస్తే కాపాడినట్టా?

… ఏడుపు కాదు, ముక్కు.

ఇప్పుడు యాప్‌తో మాట్లాడిస్తున్నారు. చక్కగా చెప్తోందక్కా, మన భాషలో, ఆడగొంతుతో. ఎంత తేలికో! పొద్దున్నే… ఆ. తెలుసు.

ఉండు, పిలుస్తున్నారు.

… నన్నా సార్?… ఆవిడా?… ఏమంటున్నారు?

…

…

అక్కా, విన్నావా? ఆ ఫోన్ ఏమందో వినపడిందా నీకు?

‘అర్థం కాలేదని ఆ అమ్మాయి నాకెందుకు చెప్పలేదు’ అని అడుగుతోంది. కోపంగా కాదు. నిజంగా తెలీక అడుగుతోంది. నా వైపే చూస్తోంది, జవాబు కోసం.

… ఏం చెప్పను?… నువ్వు చెప్పు… అదేలే. ఉన్నదే చెప్తా. ఇంకేముంది చెప్పడానికి?

… వద్దు సార్, యాప్ వద్దు. నేను రాస్తాను. అది నాకు వచ్చు.

సిగ్గు అక్కా. ఆ అక్షరం ఎప్పుడో నేర్చుకున్నా. ఎడమ పక్క చెవి, కుడి పక్క గుండె. అంతే… దానికి మాత్రం కథేమీ కట్టలేదు.

పెన్సిలిచ్చింది. చీటీ కదిలిపోతోంది, రెండో చేత్తో పట్టుకోవాలి. ఫోన్ పక్కన పెడుతున్నా.