కోసిన చెక్క

తండ్రి పోయాక, ఆయన రెండు గొట్టాల పాత తుపాకీని అమ్మడానికి తెచ్చిందామె. దుకాణదారు దాన్ని భుజానికి ఆనించి చూసి, దించాడు.

"గొట్టాలు అసలువే అమ్మా, నంబర్లన్నీ కలుస్తున్నాయి. భుజానికి ఆనే ఈ చెక్క చివరే కోసేశారు. ధర సగానికి పడిపోతుంది."

"ఎందుకు కోస్తారండీ?"

"పిల్లల భుజానికి సరిపోవాలని. మీ కోసమే అయ్యుంటుంది."

"నన్ను దాని దగ్గరికే రానిచ్చేవారు కాదు. ఇంట్లో పిల్లని నేనొక్కదాన్నే."

"ఎవరో పిల్లలు చాన్నాళ్లు వాడారు, చెంప ఆనే చోట బాగా అరిగింది మరి. పిల్లలు ఎదిగాక అతికించడానికని, కోసిన ముక్క దాస్తారు. అది ఉంటే మంచి ధరొస్తుంది."

"నాన్న దిండు కింద ఓ చెక్కముక్క దొరికింది. ఏంటో అనుకున్నా."

"తెస్తారా?"

"నన్ను పిలవబోయినప్పుడల్లా ఆయన ముందు ఇంకో పేరు ఎత్తుకుని ఆపేసేవారండీ. నాలిక తడబాటనుకున్నా. తుపాకీ ఇలా ఇచ్చేయండి."