ఛాతీ ఎక్స్‌రే ఒకటి జతపరచవలెను

పోర్ట్ బ్లెయిర్, షాదీపూర్‌లో కన్నారావు ఇంటి పెరడు. అతనూ, ఆస్టినాబాద్ నుంచి పొద్దున్నే వచ్చిన సారా.

"మళ్ళీ కొట్టు."

"కొట్టేను కదా సారా."

"అది కొట్టడమా కన్నా భయ్యా? దోమ వాలినా ఇంతకన్నా గట్టిగా తెలుస్తాది. గోల్ ఘర్‌లో పన్నెండుమందిని ఒక్క చెప్పుతో పడుకోబెట్టినోడివని నీ దగ్గరికొచ్చేను."

"ముగ్గురు. రెండు చెప్పులు."

"ఉన్న పేరు పాడుచేసుకోకు. చల్, కొట్టు."

"ఎందుకో ఇంకోసారి చెప్పు. ఆడపిల్లని కొట్టే ముందు కారణం సరిగ్గా తెలియాలి కదా."

"న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ. మన అండమాన్ దీవులకి సీటు ఒక్కటే. ఫిజిక్స్‌తో బి.ఎస్సీ కావాలన్నారు, ఉంది. అరవై శాతం కావాలన్నారు, అరవై ఒకటుంది. ఇక్కడోళ్ళమని ఐలాండర్ కార్డుంది. ఇరవై అయిదేళ్ళు దాటకూడదు. నాకు ఈ ఏడే ఆఖరు. నువ్విలాగ కొడతా ఉంటే ఇక్కడే దాటిపోతాయి."

"మరి తక్కువైందేటి?"

"సర్కారు ఆసుపత్రిలో తీయించిన ఛాతీ ఎక్స్‌రే. వరసలో అయితే వచ్చే నెల ఇరవైకి రమ్మన్నారు. మద్రాసు ఓడ గురువారం, అది తప్పితే సీటు పోతాది. దెబ్బలాట కేసైతే అదే రోజు తీసీస్తారు."

"కొట్టేరని ఊరికే చెప్పీ. అబద్ధమాడ్డం రాదా?"

"మా పక్కింటి తవిటమ్మ పిన్ని మొన్న ఎక్స్‌రే కోసం అలాగే చెప్పింది. డాక్టరు ఒళ్ళు చూసి, మచ్చ లేదని బామ్ ఇచ్చి పంపీసేడు. మచ్చ ఉండాలి. పక్కా."

"ఇంతకీ ఆ చదువేటి? బాంబులా?"

"మనిషికి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. ఒంట్లో దీపం పెట్టినట్టన్నమాట. ఎముక ఎక్కడ దెబ్బతింటే అక్కడ ఎక్కువ వెలుగుతాది. మనం బయట్నుంచి ఫోటో తీయడమే."

"నాకు పెడితే?"

"పోర్ట్ బ్లెయిర్‌కి వారం రోజులు కరెంటు అక్కర్లేదు. కొట్టు."

"పోలీసులు ఎవడు కొట్టేడంటే?"

"మొహం సరిగ్గా చూళ్ళేదంటాను. పొడుగ్గా, అందంగా ఉన్నాడంటాను. నీ మీద ఎవరికీ అనుమానం రాదు."

"చెంప మీద ఒక్కటిస్తే అయిపోదా?"

"మొహం మీద వద్దు. ప్రార్థన మందిరంలో అందరూ అడుగుతారు. బట్ట కప్పే చోటే కొట్టాలి. ఎడమపక్క, చంక కింద. కుడిపక్క ఖాళీ లేదు. నేను ఊపిరి వదిలీసేక కొట్టు, అరుపు రాదు."

"ఇవన్నీ బి.ఎస్సీలో చెప్పేరా?"

"కాదు. హోం ట్యూషన్."

"మీ నాన్నకి తెలిస్తే నన్ను చంపీస్తాడు సారా. సంఘపెద్ద కదా. మొన్న మా వీధిలో ప్రార్థన చేసి ఆడోళ్ళందర్నీ ఏడిపించీసేడు. నాకూ ఏడుపొచ్చింది."

"బాగా చేస్తాడు. కొట్టు."

"చెయ్యి లేవట్లేదు. సారీ. నా వల్ల కాదు."

"అయితే నేను లేపుతాను."

"ఏటిది? నన్నెందుకు కొట్టేవు?"

"నీకు కోపం రావాలి కదా."

"మళ్ళీనా? అరే, ముక్కు. చూడు, రక్తం."

"ఇంకా రాలేదా? ఈ పడవ తెడ్డు ఎవరిది?"

"మా బాబుది. తెడ్డు కింద పడీ. పాగల్. పడీమన్నానా. సారా, మోకాలు, మోకాలు…"

"రెండోది కూడా ఉంది కదా."

"వచ్చీసింది. కోపం వచ్చీసింది. తెడ్డు పడీసి నిలబడు."

"నిలబడ్డాను. ఊపిరి వదిలీసేను."

"సారా. సారా, లే. ఊపిరి తీస్తన్నావా లేదా? మాటాడు."

"ఇది. ఇదీ కొట్టడమంటే."

"నోట్లో రక్తం వస్తంది."

"నాలిక కొరుక్కున్నాను, ఏం కాదు. ఆటో పిలు."

"నీకు ఏడుపు రాదా అసలు?"

"ఫారం నింపేక చూద్దాం."

ఆసుపత్రి ఎక్స్‌రే గది. సారా, కన్నారావు, ఎక్స్‌రే తీసే దేవప్రసాద్.

"ఫిల్మ్ తడిగా ఉంది, ముట్టుకోకు బాబూ. నీకేటైంది, ముక్కు అలాగుంది?"

"నేనీ అమ్మాయికి తోడొచ్చేను సార్."

"తోడొచ్చినోడికే ఎక్కువ తగిలినట్టుంది. కుంటుతున్నావు కూడా."

"అతని సంగతి వదిలీండి దేవప్రసాద్ అంకుల్. ఊపిరితిత్తులు ఎలాగున్నాయి? ఇదిగో ఫారం, పట్టుకోండి, ఇందులో అదే అడిగేరు."

"శుభ్రంగా ఉన్నాయమ్మా. ఇవాళ్టి దెబ్బకి ఏదీ విరగలేదు."

"చూసేవా సారా, నేను… అంటే, ఆ కొట్టినోడెవడో మంచోడే అయ్యుంటాడు."

"ఇలాగ రా అమ్మా. వెలుగులో చూడు. కుడిపక్క ఇది, ఇది, ఈ కిందిది. మూడూ విరిగి అతుక్కున్నాయి. పైది రెండు మూడేళ్ళదై ఉంటాది. కిందిది ఇంకా పూర్తిగా అతకలేదు. రెండు నెల్లు కూడా అయ్యుండదు."

"ఒక్కటే సార్. ఒక్కటే దెబ్బ, అదీ ఎడమపక్క. ఒట్టు."

"నిన్నడగలేదు బాబూ."

"అంకుల్, ఫారంలో ఎముకల గడి లేదు."

"సారా, ఇదేటి? ఇవెప్పుడివి?"

"నువ్వు నోరు మూసుకో భయ్యా. అంకుల్, ఓడ గురువారం. ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు గారిచేత ఒక్క ముక్క రాయించండి, బస్."

"రాయిస్తాను. ఇవి కూడా చూపిస్తే ఇవీ రాస్తారు. రాస్తే బయటున్న కానిస్టేబుల్ అడుగుతాడు. కేసవుద్ది, స్టేషనుకి తిప్పుతారు. గురువారం ఓడ నీకందుతుందని చెప్పలేను."

"అయితే చూపించకండి."

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"అమ్మ పోయింది కదా. నాన్న, నేను, చెల్లి."

"సుందరి. నేను పాఠం చెప్పే సండే స్కూల్లో గోడకి ఆనుకోకుండా కూర్చుంటాది. ఎన్నో క్లాసు?"

"తొమ్మిది."

"నువ్వెళ్ళేక దాన్నెవరు చూస్తారు?"

"ఏటంకుల్, మీ ఫిల్మ్‌లో మా చెల్లి కూడా కనపడుతోందా?"

"నేనడిగింది చెప్పు."

"సారా, బయట మీ నాన్న గొంతు. ఎవరు చెప్పేరో, వచ్చీసేడు. తలుపు సందులోంచి చూడు. నా కూతురి మీద చెయ్యేసినోణ్ణి చూపించండి, నరికీస్తానని కానిస్టేబుల్ కాలరు పట్టుకున్నాడు. నేనెళ్ళి నేనేనని చెప్పీస్తాను. చస్తే చస్తాను."

"కూర్చో భయ్యా."

"తలుపు బాదుతున్నాడు."

"గడియ పెట్టేను, బాదనీ. సారా, ఇవాళ్టి దెబ్బ ఎవడు కొట్టేడో ఈ ముక్కు చూస్తేనే తెలుస్తంది, అది నాకొద్దు. ఈ మూడూ ఎవరివి?"

"సీటు ఒక్కటే అంకుల్."

"తెలుసమ్మా."

"పై ఏడాదికి నాకు ఇరవై ఆరు."

"అదీ తెలుసు."

"రాయించండి. మూడూ రాయించండి."

"పేరు?"

"మీ చేతిలో ఫారం ఉంది కదా అంకుల్. రెండో గడి చూడండి. తండ్రి పేరు."