పెంచలయ్య దాచుకున్న పాట

క్లారినెట్టు పెంచలయ్య అని ఒకాయన మా ఊళ్ళో. బ్యాండు మేళానికి పెద్ద ఆయనే. మా ఇంటాయనది పెద్ద డోలు, చెంగయ్యది ట్రంపెట్టు, ఇంకా ఓ పదిమంది ఉండేవాళ్ళు అనుకో. ఈ పెంచలయ్య ఎట్టాంటోడంటే, ఎదుటోడి పాటని చెవుల నిండా తాగి మూతి తుడుచుకొని పోయే రకం. ఏందవ్వా అట్టంటావు అంటారేమో, ఉండండి చెప్తా. మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు గదా. పెళ్ళిళ్ళు లేకపోతే మేళగాళ్ళకి పనేముంది? అందుకని ఆ రోజుల్లో పొద్దు వాలేసరికి అందరూ వాయిద్యాలు పెట్టే కొట్టంలో చేరేవాళ్ళు. ఆడ వాళ్ళకొక కట్టుబాటు. ప్రతివోడూ ఒక కొత్త పాట తేవాల, ఒక పాత పాట అడగాల. కొత్తదంటే ఏ టీకొట్టు రేడియోలో విన్నదో, టూరింగు టాకీసు బయట నిలబడి పట్టుకున్నదో. తెచ్చినోడు వాయిస్తాడు, మిగతావాళ్ళు పట్టుకుంటారు, ఇంక అది అందరిదీ. పాతదంటే ఎవురికి ఏది ప్రాణమో అది అడుగుతారు, అందరూ కలిసి వాయిస్తారు. చెంగయ్య ఒకసారి పన్ను పీకించుకోను మద్రాసు పోయి, దవడ ఇంత లావున వాచి ఉంటే, ఆ వాపుతోనే ఊదినాడు సామీ, ఆడ హోటల్లో విన్న పాట! నొప్పి తగ్గినాక ఊదరా అంటే, అప్పటికి మర్చిపోతానేమో మామా అన్నాడంట. అట్టాంటి మనుషులు వాళ్ళు. పెంచలయ్య వంతొచ్చేసరికి మాత్రం, 'నాదింకా పక్వానికి రాలేదబ్బా' అనేవాడు. పాటేమన్నా మామిడికాయా, గడ్డిలో ఏసి మాగబెట్టను!

ఇట్టా ఉండంగా ఏమైందంటే, స్టేషను కాడ రైలోళ్ళ కాలనీలో ఒక గార్డుదొర చచ్చిపోయినాడు. సమాధి దాకా మా మేళమే వాయించుకుంటా పోయింది. ఆయన భార్యని డోరతమ్మ అనేవాళ్ళం. ఆమె ఇల్లు ఖాళీ చేసి కూతురి కాడికి పోతా, పెంచలయ్యని పిలిచి గ్రామఫోనూ పెట్టెడు రికార్డులూ చేతిలో పెట్టిందంట. 'మా దొరకి ఇవే ప్రాణం. ఆదివారమైతే డ్రైవర్లందరూ మా వరండాలో కూచొని వినేవాళ్ళు. నువ్వూ నీ వాళ్ళందరితో కలిసి విను' అనిందంట. అట్టాగేనమ్మా అని దండం పెట్టి వచ్చినాడంట. వచ్చి ఏం జేసినాడు? రికార్డు నడిమధ్య గుండ్రంగా కాయితం అంటించి ఉంటది గదా, పాట పేరూ పాడినోడి పేరూ అచ్చేసి. ఆ కాయితాలన్నీ తడిపి చాకుతో గీకేసినాడంట! ఎందుకయ్యా అంటే, ఎవుడన్నా పేరు చూసుకొని మద్రాసులో కొనుక్కుంటాడేమోనని. గీకినాక ఏది ఏదో ఆయనకే తెలియలా. ఒక్క పాట కావాలంటే పెట్టెలో ఉన్నయ్యన్నీ తిప్పి తిప్పి వెతుక్కోవాల. ఆయన పెళ్ళాం రవణమ్మ కొళాయి కాడ చెప్పి చెప్పి నవ్వింది. 'వదినా, ఇంత ఎండలో కిటికీకి బొంత కట్టి, లోపల చెమట్లు కార్చుకుంటా వింటన్నాడు, ఎవుర్తినో దాచిపెట్టుకున్నోడి మాదిరి' అనింది.

బొంత కడితే పాట ఆగుద్దా? మా దొడ్డి గోడకవతలే ఆ గది. నేను చింతపండు గింజలు తీస్తా విన్నా. అబ్బ, అదేం పాటమ్మా! బ్లూస్ అంటారంట, మాకప్పుడు ఆ పేరేం తెలుసు. మాట ఒక్కటి అర్థం కాదు. ఎవురో మొగాయన, గరగరా గొంతు, ఇల్లు కాలిపోయినోడి మాదిరి ఒక మాట అంటాడు. అని ఆగుతాడు. ఆగితే గిటారు తీగె దానికి జవాబు చెప్తది. మళ్ళీ అదే మాట అంటాడు, మళ్ళీ తీగె ఓదారుస్తది. ఏడుపుకి కూడా తాళం ఉంటదా, ఏడ్చేవాడి పక్కన ఇట్టా ఒకరు కూచొని పలికితే ఎంత బాగుంటది అని, చేతిలో చింతపండు చేతిలోనే పెట్టుకొని కూచున్నా. ఇంకోటుండె, అది రాక్ అంట, ఎత్తుకుందంటే మా గేదె కూడా తల ఎగరేసింది. మా ఇంటాయనకి చెప్తే, పోయి 'అన్నా, ఆ పాటలు మాకూ వినిపించు' అని అడిగినాడు. పెంచలయ్య ఏమన్నాడో తెలుసా? 'డోలు కొట్టేవోడివి, నీకెందుకురా ఇవి? తెలిసినోళ్ళు వినే సంగీతం ఇది' అన్నాడు. ఆయనేదో పుట్టిన కాడి నుంచి అదే వింటన్నట్టు!

ఆ ఏడు జాతరకి వచ్చిపడింది తంటా. అమ్మోరి రథం ముందర నడిచేది ఎప్పుడూ మా మేళమే. ఆ జాగా ఉంటే చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ మాయే. పోతే ఉప్పు రాశులు పోసే కొటార్లకి మూటలు మొయ్యను పోవాల్సిందే అందరూ. ఈసారి ఊరి పెద్దలు ఏమన్నారంటే, మిట్టపాళెం మేళం కూడా బాగుందంటన్నారు, ఇద్దరూ వాయించండి, మెప్పించినోళ్ళు నడవండి అన్నారు. నాకు కూడు సయించలా. 'ఓడితే ఏం జేస్తావయ్యా' అంటే, మా ఇంటాయన డోలు తాళ్ళు బిగించుకుంటా 'ఏముందే, ఉప్పు మోస్తా' అన్నాడు. చెంగయ్య పోయి పెంచలయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాడు. 'మామా, గార్డుదొర పాట ఒకటి బయటికి తియ్యి. ఒక్క పూట నేర్పు, మేం పట్టుకుంటాం' అని. ఈయనేమో, నేనొక్కడినే వాయిస్తా, మీరు వెనకాల నిలబడండి చాలు, నేర్పితే రేపటి నుంచి ప్రతి పెళ్ళిలో ప్రతివోడూ ఊదతాడు అన్నాడంట. నేను విన్నదంతా మా ఇంటాయన వాడికి చెప్పున్నాడు గదా, 'మరి నడిమధ్యలో తీగె పలికేది ఎవురు వాయించాల మామా?' అంటే, 'అది సందు పూడ్చను వాయించింది లేరా. ఆడ జనం చప్పట్లు కొడతారు' అన్నాడంట. వినండమ్మా ఈయన తెలివి!

జాతర పొద్దున రథానికి మోకులు కట్టినారు. వీధికి ఈ పక్క మేము, ఆ పక్క మిట్టపాళెం వాళ్ళు. వాళ్ళు ముందు వాయించినారు, బాగానే ఉండె. ఇంక పెంచలయ్య, కోటు గుండీలన్నీ పెట్టుకొని, ముందుకొచ్చి మొదటి మాట ఊదినాడు. ఉన్నది చెప్పాల గదా, బ్రహ్మాండంగా ఊదినాడు. ఊది ఆగినాడు. చప్పట్లు కొడతారని గడ్డం ఎత్తుకొని నిలబడినాడు. ఎవురు కొడతారు? 'ఏమయ్యా, మర్చిపోయినావా?' అని ఒక ముసిలాయన అడిగినాడు. మళ్ళీ అదే మాట ఊదినాడు, మళ్ళీ ఆగినాడు. 'ఇందాక ఊదిందే గదా ఇదీ!' అని జనం నవ్వినారు. చెంగయ్యకి ప్రాణం కొట్టుకుంటంది, ట్రంపెట్టు పెదిమల దాకా తెచ్చినాడు. పెంచలయ్య గుడ్లురిమినాడు. పాపం, దించేసినాడు. ఇంకోసారి ఊది ఆగేసరికి, ఏమైందంటే, వీధికి ఆ పక్క నుంచి శాక్సఫోను పలికింది. మిట్టపాళెం కరీముల్లా. ఆయన ఆ పాట ముందు విన్నోడు కాదు, ఎరిగినోడు కాదు. ఎదుటోడు అంతగా అడుగుతుంటే ఊరకుండలేక పలికినాడు, అంతే. ఎంత మెత్తగా అనుకున్నారు, 'నాకు తెలుసులే తండ్రీ' అన్నట్టు. జనం నవ్వు ఆగిపోయింది. పెంచలయ్య ఇంక చిక్కినాడు. ఊదకపోతే ఓడినట్టు, ఊదితేనేమో ఆ పక్క నుంచి జవాబొస్తది. ఊదినాడు. జవాబొచ్చింది. మిట్టపాళెం డోళ్ళు అందుకున్నాయి. మా వాళ్ళు మాత్రం గుంజల మాదిరి నిలబడి ఉండారు. కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చినానమ్మా, ఓడిపోతన్నందుకో పాటకో నాకే తెలియలా.

జాగా మిట్టపాళెం వాళ్ళకిచ్చినారు. 'దొంగలు! నా పాట ఎత్తుకుపోయినారు!' అని పెంచలయ్య ఒకటే అరుపులు. ఆ కరీముల్లా వీధి దాటొచ్చి, 'అన్నా, ఎంత మంచి పాట తెచ్చినావు! దోవ పొడుగ్గా ఉంది, అందరూ రండి, కలిసి వాయిద్దాం, వచ్చింది కలిసి తిందాం' అన్నాడు. ఒక్కడు కదిలినా నా మేళంలో ఉండడు అని పెంచలయ్య. అప్పుడు మా ఇంటాయన, ఆయన ముందర ఏనాడూ తలెత్తని మనిషి, డోలు భుజానికి తగిలించుకొని, 'నీ మేళం ఏడుందన్నా? ఒక్కడినే అంటివి గదా' అన్నాడు. అనేసి వీధి దాటినాడు. చెంగయ్య ఆయన వెనకాల పరిగెత్తినాడు, వాడి వెనక మిగతావాళ్ళు. రథం సందు తిరిగేసరికి చెంగయ్య ట్రంపెట్టుతో అడగతా ఉండాడు, కరీముల్లా జవాబు చెప్తా ఉండాడు. ఉప్పు ఎవురూ మొయ్యలా.

ఇప్పటికీ ఎవురన్నా అడిగితే, ఆ పాట నాది అంటాడు పెంచలయ్య. నీదే నాయనా, ఎవురు కాదన్నారు? చివరికి ఆయన కూతురి పెళ్ళికి మగపెళ్ళివాళ్ళు ఎవుర్ని మాట్లాడుకొచ్చినారనుకున్నారు, మావాళ్ళూ మిట్టపాళెం వాళ్ళూ కలిసిన ఈ మేళాన్నే. ఆ పాట ఎత్తుకోంగానే ఈయన చెవుల్లో దూది కుక్కుకొని పందిట్లో ఓ మూల కూచున్నాడు. పెళ్ళికూతురు మాత్రం పీటల మీద తల వంచుకొని, పట్టుచీర కింద కాలు ఆడిస్తానే ఉండె. నేను చూసినా గదా.