పోగు తెగిన చోటు

లాక్‌డౌన్‌తో సూరత్‌లో మగ్గాలు ఆగిపోయాయి, సింధూజ కాలేజీ ల్యాబూ మూతపడింది. ఫోటోలో గుడ్డ లోపాలను గుర్తుపట్టడం కంప్యూటరుకు నేర్పడమే ఆమె పరిశోధన. ఆ ఊళ్లోనే పర్వత్ పాటియా పేటలోని ఇంట్లో, ఒక మగ్గాల సేఠ్ దగ్గర ముప్పై ఏళ్లు బట్ట చెకింగ్ చేసిన తండ్రికి ఆ ఫోటోలు చూపిస్తోంది.

"బాపూ, ఇది మంచిగనే ఉన్నదంటున్నది కంప్యూటర్."

"లేదు బిడ్డా. గీడ పోగు తెగింది."

"నాకు కనిపిస్తలేదు."

"జర పెద్దగ చెయ్యి. అగో, సన్నగ నీడ పడ్డది."

ఆమె అక్కడ గుర్తు పెట్టింది.

"గిట్ల ఎన్ని చూడాలె?"

"రెండు వేలు."

"గవన్ని అది నేర్చుకున్నంక, సేఠ్ నన్ను మల్ల పనికి పిలుస్తడా?"

సింధూజ తండ్రి వైపు తిరిగింది.

"తెల్వదు బాపూ. నువ్వు వద్దంటే ఆపేస్త."

తండ్రి కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"నా కండ్లు మాత్రం ఇంకెన్నేండ్లు పనిచేస్తయి? ఇంకో ఫోటో చూపియ్యి."